మొలతాడు కట్టిన చింతచెట్లు

మా ఆఫీసులో టీ గ్లాసులకు కూడా గుర్తులుండేవి. ఎవరి గ్లాసు అడుగున వాళ్లు లక్కతోనో గోళ్ల రంగుతోనో ఒక చుక్క పెట్టుకునేవాళ్లు. గ్లాసు మారితే ఏమవుతుందని మీరడగొచ్చు. ఏమీ కాదు. కానీ మారిందంటే ఎవరో మార్చారన్నమాట. ఎందుకు మార్చారో కనిపెట్టడం ఆ రోజంతా అందరికీ పని.

ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, మీ కాలంలో పని ఎట్లా ఉండేది మేడమ్ అని. పని మామూలుగానే ఉండేది. అనుమానమే ఎక్కువ. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడు ఊళ్ల మధ్యే నా నౌకరీ అంతా గడిచింది. ఈ సంగతి ఏ ఊళ్లో జరిగిందో చెప్పను, ఎవరి పేరూ చెప్పను. చెబితే వాళ్ల మనుమలు వచ్చి, ఇన్నాళ్లకు నీతో ఎవరు రాయించారు అని అడుగుతారు. అడిగే వంశాలే అవి.

నేను ధర్మవరం మగ్గాల ఇంటి పిల్లను. డెబ్బైల చివర్లో టైపిస్టుగా చేరాను. నలుగురిలో నోరు తెరవాలంటే చెమటలు పట్టేవి. అద్దెగదిలో నాకు తోడుగా మా అవ్వ ఉండేది. బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల అంగడి నుంచి డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని, టైపు మిషను సొరుగులో దాచుకుని చదివేదాన్ని. రాత్రి పడుకునేముందు డైరీ రాసేదాన్ని. ఆ డైరీలో ఆఫీసులో వాళ్లంతా నేరస్థులే. ఓవర్సీరు ఈ రోజు రెండుసార్లు కిటికీలోంచి చూశాడు, ఎందుకు? ఇట్లాంటి వాక్యాలు. మా అవ్వకు చదువు రాదు గానీ నా మొహం చదివేది. "ఆఫీసు అనుమానాన్ని చెప్పులతో పాటు గడప బయట ఇడిసి రా," అనేది.

మాది ఊరు పెరుగుతుంటే ఆ పెరగడాన్ని చూసుకోవడానికి పెట్టిన చిన్న ఆఫీసు. చేలు ప్లాట్లవుతున్న కాలం. ఊరికి ఒక పక్కనున్న వేపతోపు ఒక్క ఆదివారంలో మాయమైంది. సోమవారం జనం వెళ్లి చూస్తే సున్నం గీతలు, రాళ్లు. దాంతో పెద్దలు కూర్చుని ఒక నిబంధన చేశారు. లేఅవుట్ వేసే భూమిలో మనిషి కౌగిలికి అందని లావున్న ప్రతి చెట్టుకూ నంబరు వేయాలి. నంబరు వేసిన చెట్టును అనుమతి లేకుండా కొట్టకూడదు. రోడ్డు వేసినా ప్లాటు గీసినా చెట్టును తప్పించి గీయాలి. అన్నిటికీ చివర ఒక చిన్న వాక్యం ఉండేది: ఎండిపోయిన చెట్టుకు ఈ నిబంధన వర్తించదు.

మా ఆఫీసరు కోస్తా నుంచి వచ్చినాయన. నిజాయితీపరుడు. ఒకరి దగ్గర కాఫీ తాగేవాడు కాదు. కానీ తను ఒక్కడే నిజాయితీపరుడని గట్టి నమ్మకం. బీరువాకు తాళం వేశాక, తాళం మీద సుద్దపొడి చల్లి వెళ్లేవాడు. పొద్దున వచ్చి ఆ పొడి చెదిరిందేమో వంగి చూసేవాడు. ఒకరోజు బల్లి పాకింది. ఆ రోజు మేమందరం వేళ్లు చూపించాల్సి వచ్చింది.

ఊరి బయట ఒక బస్సుల యజమాని లేఅవుట్ వేశాడు. అది పాత చింతతోపు. చెట్లన్నిటికీ మావాళ్లు తెల్లరంగుతో నంబర్లు వేసి వచ్చారు. కొన్నాళ్లకు ఆఫీసరు తనిఖీకి వెళితే, చింతచెట్టుకు వేసిన ఒక నంబరు పక్కనున్న వేపచెట్టు మీద కనబడింది. చింతచెట్టు ఉండాల్సినచోట దున్నిన మట్టి. ఓవర్సీరు, "నంబరైతే ఉండాది గద సార్," అన్నాడట. ఆ మాట మీద ఆఫీసరుకు వారం పాటు నిద్ర పట్టి ఉండదు.

ఆ తర్వాత వచ్చిన ఉత్తర్వు నేనే టైపు చేశాను. రంగు పైపైన వేస్తే చెరిపేస్తారు, లేదా మార్చేస్తారు. కాబట్టి ప్రతి చెట్టుకూ రొమ్ము ఎత్తున, జానెడు వెడల్పున, మాను చుట్టూ బెరడు తెల్లకర్ర కనిపించేదాకా చెక్కాలి. దాని మీద తారు పూయాలి. ఆ నల్లపట్టీ మీద నాలుగు దిక్కులా నంబరు రాయాలి. ఇంక ఎవడు చెరుపుతాడో చూద్దాం అన్నట్టుండేది ఆ ఉత్తర్వు. ఆఫీసరు దాన్ని రెండుసార్లు చదువుకుని సంతోషంగా సంతకం పెట్టాడు. నాకు కూడా అది చాలా తెలివైన పథకంలా కనబడింది. నా నవలల్లో డిటెక్టివు చేసేపనిలా ఉంది.

చెక్కే పని సైన్‌బోర్డులు రాసే వాళ్లకిచ్చారు. కావలికి ఒక ముసలాయనను పెట్టారు. ఆయనది తరతరాలుగా చింతపండు వ్యాపారం చేసే సాయిబుల కుటుంబం. తోపుల్లో కాయ గుత్తకు పట్టి, ఇంటిల్లిపాదీ కూర్చుని దంచి, గింజ తీసి, మండీకి వేసేవాళ్లు. కావలికి జీతం తక్కువ. దానికి బదులు ఆ చెట్ల కాయంతా ఆయనదే. మేమంతా ఆయనను సాయిబుతాత అనేవాళ్లం. నల్లపట్టీలు చూసి ఆయన ముచ్చటపడ్డాడు. రిపోర్టు చెప్పడానికి ఆఫీసుకు వచ్చి, "అన్నిటికీ మొలతాళ్లు కట్టినారు పాపా. దిష్టి గూడా తగలదు," అన్నాడు నాతో.

ఒక్క చెట్టుకు మాత్రం కట్టలేదు. దాని మొదట్లో పసుపు కుంకుమ పూసిన రాయి ఉంది. దాని మీద ఉలి పెట్టమంటే పనివాళ్లు ససేమిరా అన్నారు. ఓవర్సీరు విసుక్కుని, ఆ చెట్టుకు రేకు మీద నంబరు రాయించి పురికొసతో కట్టించాడు.

మరుసటి ఎండాకాలానికి చింతచెట్లు మాడడం మొదలుపెట్టాయి.

ముందు ఒకటి. ఆకు పసుపుబారి, గాలి లేకుండానే రాలింది. తర్వాత దాని పక్కది. తర్వాత వరసగా. పూత రావాల్సిన రోజుల్లో కొమ్మలు పుల్లలయ్యాయి. ఆ చిన్న వాక్యం అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. ఎండిపోయిన చెట్టుకు నిబంధన లేదు. మరి ఎండితే ఎవరికి లాభం? బస్సుల యజమానికి. ఎండబెట్టింది ఎవరు? అక్కడే మా ఆఫీసు కళకళలాడింది.

మా వైపు ఒక నమ్మకం ఉంది. మానుకు బొక్క వేసి, ఇంగువ దట్టించి, మట్టితో మూసేస్తే చెట్టు నిలబడిన చోటే చచ్చిపోతుందని. నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ బజారులో ఎవరినడిగినా చెప్పేవాళ్లు. ఓవర్సీరు ఆ మాట ఆఫీసరు చెవిన వేశాడు. ఇద్దరూ పోయి చెట్టుచెట్టునూ వెదికారు. పాత చింతచెట్లకు పురుగు తొలిచిన బొక్కలకేం కొదవ? ప్రతి బొక్క దగ్గరా ముక్కు పెట్టి వాసన చూశారు. జీపు డ్రైవరు ఆ దృశ్యాన్ని మాకు నటించి చూపించి, మళ్లీ ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

నా డైరీలో అప్పుడు ముగ్గురు దోషులు. ఓవర్సీరు, ఎందుకంటే ఇంగువ సంగతి ముందు ఎత్తింది ఆయనే. బస్సుల యజమాని, ఎందుకంటే ఎప్పుడూ నవ్వుతుంటాడు. ఆఫీసరు, ఎందుకంటే నవలల్లో చివరికి ఎవరూ అనుకోని మనిషే బయటపడతాడు. ఈ మూడో పేరు రాయడానికి నాకే భయం వేసి, పొడి అక్షరాల్లో రాసుకున్నాను.

ఒక సాయంత్రం ఓవర్సీరు తోపుకు పోయి సాయిబుతాత సంచి దులిపించాడు. ఆకు, వక్క, తువ్వాలు, ఒక చిన్న పొట్లం. పొట్లంలో ఇంగువ.

"పంటినొప్పికి సార్. పుచ్చుపన్ను. రవ్వంత పెడితే నొప్పి అణుగుతాది," అన్నాడట తాత. ఓవర్సీరు పొట్లం తీసుకొచ్చి ఆఫీసరు బల్ల మీద పెట్టాడు. గదంతా వాసన. చెట్లు పోతే తాతకు కాయ పోతుంది కదా, ఆయనెందుకు చంపుతాడు అని నేను అనుకున్నాను గానీ పైకి అనలేదు. నా పక్క బల్ల గుమాస్తా ఆ మాటే అన్నాడు. ఓవర్సీరు దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "కాయ పోతే పోతాదప్పా. అంతకంటే ఎక్కువ దుడ్లు ముట్టింటాయి బస్సులాయన నుంచి."

రాయి ఉన్న చెట్టు మాత్రం పచ్చగా ఉండటం గురించి కూడా చర్చ జరిగింది. అమ్మవారి మహిమ అన్నాడు గుమాస్తా. చంపినవాడు అమ్మవారికి భయపడ్డాడు, అంటే హిందువే అన్నాడు డ్రైవరు. "అట్ల అనుకోవాలనే ఆ సాయిబు దాన్ని ఇడిసిపెట్టినాడు," అన్నాడు ఓవర్సీరు. ఆఫీసరు అన్నీ విని తల ఊపాడు. ఆయనకు మూడూ నిజమే అనిపించి ఉంటాయి.

రెండు రోజుల తర్వాత సాయిబుతాత ఆఫీసుకు వచ్చాడు. దవడ వాచి ఉంది. సర్కారు ఆస్పత్రిలో పన్ను పీకించుకుని, దాన్ని కాగితంలో చుట్టుకుని తెచ్చాడు. పొట్లం విప్పి ఆఫీసరు ముందు పెట్టాడు. పన్నుకు నల్లటి బొక్క. "సూడండి సార్. ఇంగువ పెట్టింది ఈ బొక్కలో. చెట్టు బొక్కలో కాదు."

ఆఫీసరు దాన్ని పెన్ను చివరతో అటూ ఇటూ తిప్పాడు. "పన్ను ఎవరిదైనా కావచ్చు," అన్నాడు.

తాత నోరు తెరిచి, చూపుడువేలితో ఖాళీ చూపించాడు. ఆఫీసరు చూడలేదు. తాత పన్నును మళ్లీ కాగితంలో చుట్టుకుని, నా బల్ల ముందు నుంచి వెళుతూ ఒక్క క్షణం ఆగాడు. నేను రిబ్బను సరిచేస్తున్నట్టు తలొంచుకున్నాను. ఆ ఇంట్లో పెళ్లికి కుదిరిన మనుమరాలుందని, దొంగ అన్న పేరు పడితే ఆ సంబంధం నిలవదని గుమాస్తా చెప్పాడు.

చెట్టు తెలిసిన మనిషి ఒక్కడైనా ఊళ్లో లేడా, వచ్చి చెప్పి ఉండకూడదా అని మీరడగొచ్చు. ఉండే ఉంటారు. కానీ మా ఆఫీసుకు వచ్చి ఏదైనా చెప్పినవాణ్ణి ముందు మేం అనుమానించేవాళ్లం. నీకెట్లా తెలుసు అని కూర్చోబెట్టేవాళ్లం. అందుకని ఎవరూ రాలేదు.

చివరకు ఆఫీసరు ఒక రోజు పెట్టాడు. తోపులోనే తాత చేత వాంగ్మూలం రాయించి, వేలిముద్ర వేయించి, దాన్ని స్టేషనుకు పంపాలని. రాయడానికి నన్ను రమ్మన్నారు. జీపులో వెనక సీట్లో కూర్చుని, ఒళ్లో కాగితాలు, ఇంకుప్యాడ్ పెట్టుకుని వెళ్లాను. అంతవరకు ఆ తోపును నేను చూసిందే లేదు. దాని మీద ఎన్నో కాగితాలు మాత్రం కొట్టాను.

బస్సుల యజమాని మాకంటే ముందే వచ్చి ఉన్నాడు, తెల్లపంచె, నవ్వు. తాత చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నా కోసం ఒక చెట్టు కింద ఇనుపకుర్చీ వేశారు. నీడ లేదు. పైన ఆకు లేదు కదా.

ఓవర్సీరు చెబుతుంటే నేను రాస్తున్నాను. "ఇంగువ పెట్టినానని రాయమ్మా. ఎవరు పెట్టమన్నారో అది కూడా..." అని బస్సుల యజమాని వైపు చూసి, "అది తర్వాత," అన్నాడు. తాత అడ్డం రాలేదు. ముందురోజు ఇంటికి మనిషిని పంపి, వేలిముద్ర వేస్తే చిన్న కేసుతో పోతుంది, లేకుంటే ఇంటిమీదికి వస్తుందని చెప్పించారట. "నేను పెట్టలే సార్. అయినా మీరు వేయమంటే వేస్తా. నా మనవరాలి పెండ్లి అయ్యేదాక ఆపండి, సాలు," అన్నాడు.

ఏం రాయాలో తెలియక నేను తలెత్తాను. కళ్లెదురుగా ఆ చెట్టు నల్లపట్టీ ఉంది. పట్టీకి పైన మాను ఉబ్బి, మందంగా పెదవిలా కిందికి వాలి ఉంది. పట్టీ దగ్గర సన్నబడి ఉంది. ఎక్కడో చూసినట్టనిపించింది.

మా ఇంట్లో మగ్గం కింద తెగిన పట్టు పోగులు పడి ఉండేవి. చిన్నప్పుడు వాటిని వేలికి బిగించి చుట్టుకోవడం నాకొక ఆట. చూస్తుండగానే వేలి కొస ఉబ్బి, నల్లబడి, తిమ్మిరెక్కేది. నాయన చూసి, పోగు తెంపి, తలమీద ఒకటిచ్చేవాడు. వేలు పోతాది దరిద్రపుదానా అని.

నా చూపు కిందికి దిగింది. మాను మొదట్లో, వేళ్లు మట్టిలోకి దిగేచోట, పచ్చటి చిగుళ్లు. గుప్పెడంత గుబురు. పక్క చెట్టు చూశాను. దానికీ ఉన్నాయి. పైన పుల్లలు, కింద చిగుళ్లు, నడుమ నల్లపట్టీ.

"ప్యాడ్ ఇవ్వమ్మా," అన్నాడు ఆఫీసరు.

నేనివ్వలేదు. ధైర్యం అని మీరనుకోవద్దు. చేతులు కదల్లేదంతే. ఓవర్సీరు నా ఒడిలోంచి తీసుకోవడానికి వంగాడు. నేను ప్యాడ్‌ను రెండు చేతులా అదిమిపట్టుకున్నాను.

"ఏమైందమ్మా?"

"సార్," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ అన్నాను. "మందు పెట్టి ఉంటే వేళ్లు కూడా చావాలి కదా సార్. కింద చిగురేస్తున్నాయి. బెరడు చెక్కిన పట్టీకి పైనంతా చచ్చింది."

ఆఫీసరు చెట్టు వైపు చూడలేదు. నా వైపే చూశాడు. నెమ్మదిగా అడిగాడు.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"ఎవరూ లేరు సార్. మాకు మగ్గముంది. పోగు చుట్టితే వేలు..." ఎడమ చెయ్యెత్తి చూపుడువేలు చూపించాను. ఆయన ఆ వేలిని సుద్దపొడి కోసం చూసినట్టే చూశాడు.

తర్వాత ఓవర్సీరు దగ్గర చాకు తీసుకుని, పట్టీ మీది తారు గీకాడు. కింద కర్ర ఎండి, నెర్రెలిచ్చి ఉంది. పైన ఉబ్బినచోట కొంచెం గీకాడు. అక్కడా ఎండుపొట్టే. మొదట్లో చిగురు పక్కన గీకాడు. తడి. ఇంకో చెట్టు దగ్గరికి పోయాడు. ఇంకోదానికి. మేమంతా ఉన్నచోటే నిలబడ్డాం. చివరకు రాయి ఉన్న చెట్టు దగ్గరికి పోయి, ఆ రేకు నంబరును, దాన్ని కట్టిన పురికొసను పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆ ఉత్తర్వులో ప్రతి మాటా ఆయనకు గుర్తుండి ఉంటుంది. నాకైతే గుర్తుంది.

ఓవర్సీరు అప్పుడు ఆఫీసరు మీద జాలిపడ్డాడో, చెక్కించింది తనే కాబట్టి భయపడ్డాడో, "కరువు సార్. వానల్లేవు గదా," అన్నాడు.

"ఈ చెట్టుకు లేదా కరువు?" అన్నాడు ఆఫీసరు, వెనక్కి తిరగకుండా.

బస్సుల యజమాని ఒక్కడే తేలిగ్గా ఉన్నాడు. తాతలాగే ఆయన కూడా, ఈ విషయంలో, నిజంగా ఏ పాపమూ ఎరగడు. ఆ సంగతి అందరి ముందూ తేలిపోయిందని ఆయనకు అర్థమైనట్టుంది. "ఎట్లయితేనేం సార్, ఎండిపాయ గదా. ఎండిన చెట్టుకు మీ రూలు లేదంట గదా," అన్నాడు నవ్వుతూ.

ఆఫీసరు తిరిగొచ్చాడు. నా ఒళ్లోని వాంగ్మూలం కాగితం తీసుకుని, ఖాళీ వైపుకు తిప్పి ఇచ్చాడు. "రాయమ్మా. మొదట్లో చిగురున్నది ఎండిన చెట్టు కాదు. చిగుళ్లను పశువులు తినకుండా కావలి కొనసాగించాలి. నంబర్లు రేకుల మీద రాసి కట్టాలి."

బస్సుల యజమాని నవ్వు అప్పుడు ఆగింది. ఆయన నవ్వకుండా ఉండగా నేను చూడటం అదే మొదలు.

తాతకు ఆఫీసరు క్షమాపణ చెప్పలేదు. జీపెక్కబోతూ ఓవర్సీరుతో, "ఆయన పొట్లం ఆయనకిచ్చేయండి," అన్నాడు. ఓవర్సీరు జేబులోంచి ఇంగువ పొట్లం తీసిచ్చాడు.

"పన్నే లేదు సార్. ఇంక ఇదేంటికి నాకు?" అన్నాడు తాత. అయినా తీసుకుని రొండిన దోపుకున్నాడు. అక్కడ వదిలితే మళ్లీ ఎవరో చూస్తారని.

ఫైల్లో ఏం రాశారంటే, ఆ ఉత్తర్వు సంగతి ఎత్తకుండా, వర్షాభావం వల్ల చెట్ల పైకొమ్మలు ఎండినవని. ఆ మాట కూడా నేనే టైపు చేశాను. కాబట్టి తాత దోషి కాదని ఎక్కడా కాగితం లేదు. మనుమరాలి పెళ్లయితే జరిగింది గానీ, ఊళ్లో ఆయనకు ఇంగువ సాయిబు అనే పేరు స్థిరపడిపోయింది. ఆయన మొదట కోప్పడేవాడు. తర్వాత పలకడం మొదలుపెట్టాడు.

ఆఫీసరుకు బదిలీ వచ్చిన రోజు నన్ను గదిలోకి పిలిచాడు. బీరువా ఖాళీ చేసి ఉంది, తాళంచెవులు బల్ల మీద ఉన్నాయి. "వెళ్లిపోతున్నాను కదా, ఇప్పుడైనా చెప్పమ్మా. ఆ రోజు నీతో ఎవరు చెప్పించారు?" అని అడిగాడు. కోపంగా కాదు, తెలుసుకుందామనే.

"ఎవరూ లేరు సార్."

ఆయన తల ఊపాడు. నమ్మలేదు. నేను మంచిదాన్నే, రహస్యం కాపాడుతున్నాను అన్నట్టు చూశాడు. ఆ చూపు చూశాక, ఈయన నేరస్థుడు కాదు, నాలాంటి అనుమానపు మనిషేననిపించి నా డైరీలో ఆయన పేరు కొట్టేశాను.

నన్ను ఇంకో ఊరికి వేశారు, కొన్నేళ్లకు మళ్లీ అదే ఆఫీసుకు తెచ్చారు. ఆ లేఅవుట్లో అప్పటికి ఇళ్లు లేచాయి. ఎండిన మాన్లను నరికేసినా మొదళ్లు ఉన్నచోటే ఉండి, చిగుళ్లు మూడు నాలుగు కొమ్మలై పైకి పోయాయి. రోడ్డు వాటిని చుట్టి పోయేది. ఒక మధ్యాహ్నం సాయిబుతాత ఆఫీసుకు వచ్చాడు. ఇంకొన్ని పళ్లు పోయాయి. తువ్వాలు మూట విప్పి నా బల్ల మీద పోశాడు. దోర చింతకాయలు.

"తొలి కాత పాపా. నీకని తెచ్చినా."

నేనొకటి చేతిలోకి తీసుకున్నాను. ఆయన బోసినోటితో నవ్వి, బల్ల మీదికి వంగి అన్నాడు. "వాసన సూసుకుని తిను. ఇంగువ సాయిబు కాయలు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ అన్నేళ్లు ఆ ఆఫీసులో పనిచేసిన చెయ్యి కదా, తినేముందు నిజంగానే ముక్కు దాకా పోయి వచ్చింది.